తలకు వేడినీళ్లు పోసుకునేటప్పుడు వచ్చే ఫిట్స్: అయాన్ ఛానెళ్లు, నీళ్ల వేడి, మాత్రల ఎంపిక

తాడిపత్రి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్లబ్బాయికి తొమ్మిదేళ్లు, 24 కిలోల బరువు. ఆదివారం తలకు పోసేటప్పుడు ఐదో ఆరో చెంబు పడేసరికి చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తాడు, కుడిచేత్తో ఒంటిని తడుముకుంటాడు, పిలిస్తే పలకడు. నిమిషం, నిమిషంన్నరకు తేరుకుని నిద్రపోతాడు. ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. మామూలప్పుడు ఎన్నడూ రాలేదు. రెండేళ్ల వయసులో జ్వరంతో ఒక్కసారి ఫిట్స్ వచ్చాయి. ఈఈజీ (మెదడు విద్యుత్తు పరీక్ష) నార్మల్. వాళ్ల ఆడపడుచు కూతురికి ఏడో నెల నుంచీ జ్వరం వచ్చినప్పుడల్లా పెద్ద ఫిట్స్. జీన్ టెస్టులో ‘సోడియం ఛానెల్ లోపం’ అని రాశారు. ఆమె అడిగినవి మూడు: మావాడిదీ అదేనా, వాడికీ జీన్ టెస్టు చేయించాలా, పాపకు వాడే మందు మావాడికి, మావాడికి రాసే మందు పాపకు పనికొస్తుందా?

అమ్మా, ముందు మూడోదానికి జవాబు. పనికిరాదు. ఒకరి మాత్ర ఇంకొకరికి ఒక్కటి కూడా వెయ్యొద్దు. ఇద్దరివీ ఫిట్సే, ఇద్దరికీ వేడితోనే వస్తున్నాయి, అయినా ఒకరికి మేలు చేసే మాత్ర ఇంకొకరి ఫిట్స్‌ను పెంచగలదు. ఎందుకో అర్థం కావాలంటే ఛానెల్ సంగతి కొంచెం చెప్పాలి. మీవాడి లక్షణాలు వేడినీళ్ల మూర్ఛకు బాగా సరిపోతున్నాయి. ఖరారు చేయాల్సింది మాత్రం బిడ్డను చూసిన న్యూరాలజీ డాక్టరే.

ఈ జబ్బు కొత్తదీ కాదు, దిష్టీ కాదు. వైద్య పత్రికల్లో మొదటిసారి 1945లో న్యూజిలాండ్ నుంచి నమోదైంది. కానీ ప్రపంచంలో ఎక్కువ కేసులు రాసింది మన పక్కనే ఉన్న బెంగళూరు నుంచి. 1988లో అక్కడి మెదడు, నరాల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ వైద్యులు ఒకేసారి 279 మంది వివరాలు ప్రచురించారు. దక్షిణ కర్ణాటకలోనూ దానికి ఆనుకున్న జిల్లాల్లోనూ ఇది కనిపించడానికి మన స్నానం తీరే ఒక కారణం. చన్నీళ్లు తొరపకుండా 40 నుంచి 50 డిగ్రీల నీళ్లు, చెంబు వెనక చెంబు, ఊపిరి తిప్పుకోనివ్వకుండా నేరుగా నడినెత్తిన పోస్తాం. కొందరిలో తల వేడి త్వరగా పెరిగిపోతుందనీ, ఆ వేడిని తట్టుకునే ఏర్పాటులోనే తేడా ఉందనీ ఒక అభిప్రాయం. మగపిల్లల్లో ఎక్కువ. కొందరికి ఫిట్స్ మొదలయ్యే ముందు అదో రకం సుఖంగా ఉండి, వాళ్లే ఇంకా ఇంకా పోసుకుంటారు. పిల్లాడు చెంబు వదలడం లేదని మొండితనం అనుకుని తిట్టే ఇళ్లున్నాయి. అది కూడా జబ్బులో భాగం కావచ్చు.

ఇక ఛానెల్. నాడీకణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో కట్టిన పలుచని గోడ. బయట సోడియం లీటరుకు 145 మిల్లీమోల్ ఉంటే లోపల 10, 15 మాత్రమే. పొటాషియం తిరగబడి, లోపల 140, బయట 4. ఈ తేడా వల్ల గోడకు లోపలివైపు 70 మిల్లీవోల్టుల మైనస్ నిలబడి ఉంటుంది. ఈ ఉప్పులు విద్యుదావేశమున్న కణాలుగా, అంటే అయాన్లుగా ఉంటాయి. కొవ్వులోంచి అవి దూరలేవు. దూరాలంటే ప్రొటీనుతో చేసిన బెజ్జం కావాలి. ఆ బెజ్జమే అయాన్ ఛానెల్.

మీ ఆడపడుచు పాప రిపోర్టులో రాసిన సోడియం ఛానెల్ సుమారు 2,000 అమైనో ఆమ్లాల ఒకే పొడవాటి దారం. అది పొరలోకి 24 సార్లు కుట్టినట్టు దూరి, నాలుగు భాగాలుగా చుట్టుకుని మధ్యలో దారి విడుస్తుంది. ప్రతి భాగంలోనూ ప్లస్ విద్యుదావేశమున్న కడ్డీ ఒకటి ఉంటుంది. వోల్టేజీ మైనస్ 55 దరిదాపులకు వచ్చేసరికి ఆ కడ్డీలు బయటివైపు జరుగుతాయి, తలుపు తెరుచుకుంటుంది, సెకనుకు కోటి లెక్కన సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. అయితే తలుపు తెరిచి ఉండేది ఒక మిల్లీసెకను మాత్రమే. లోపలివైపు వేలాడే చిన్న మూత ఒకటి ఊగి వచ్చి బెజ్జాన్ని బిగిస్తుంది. వోల్టేజీ మళ్లీ కిందికి దిగేదాకా ఆ మూత తియ్యదు. ఆ మూత సరిగ్గా పడకపోయినా ఫిట్సే, తలుపు అసలు తెరుచుకోకపోయినా ఫిట్సే. ఈ రెండో ముక్క చాలామంది డాక్టర్లను కూడా కొన్నాళ్లు తికమక పెట్టింది.

ఈ లెక్కలు మొదట తేల్చినవారు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ. స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరంలో తీగ దూర్చి కొలిచి, 1952లో ప్రచురించారు. ఒక్క ఛానెల్ తెరుచుకోవడాన్ని విడిగా కొలిచే ప్యాచ్ క్లాంప్ పద్ధతిని నేహర్, సాక్‌మన్ తెచ్చారు. సన్నని గాజు గొట్టం మొనను కణం పొరకు ఆనించి మెల్లగా పీలిస్తే, ఆ మొన కింద చిక్కిన ఒకటి రెండు ఛానెళ్ల కరెంటు గీతగా కనిపిస్తుంది. దానికి 1991లో నోబెల్ వచ్చింది. పాప జీన్‌లో కనిపించే మార్పుల్లాంటివి ఛానెల్‌ను ఏం చేస్తున్నాయో ఇప్పటికీ ఇలాగే పరీక్షిస్తారు. మార్పున్న జీన్‌ను ల్యాబులో పెంచిన కణాల్లోకి ఎక్కించి, గాజు మొన ఆనించి కరెంటు ఎక్కువైందా తగ్గిందా చూస్తారు.

పాపకు ఏడో నెలలో మొదలవడం, జ్వరంతో రావడం, పెద్దగా రావడం, రిపోర్టులో సోడియం ఛానెల్. ఇవన్నీ కలిపి చూస్తే జీన్ పేరు ఎస్సీఎన్1ఏ అయ్యే అవకాశమే ఎక్కువ. రిపోర్టు తీసి పేరు సరిచూసుకోండి. ఆ జీన్‌లో గట్టి లోపం ఉంటే వచ్చే జబ్బును డ్రావే సిండ్రోమ్ అంటారు. షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచ్ వైద్యురాలు దీన్ని 1978లో వర్ణించారు, జీన్ దొరికింది 2001లో. దొరికినప్పుడు అందరినీ వేధించిన ప్రశ్న ఒకటే: సోడియం ఛానెళ్లు సగమైతే నరాలు మందగించాలి కదా, ఫిట్స్ ఎందుకు వస్తాయి? 2006లో సియాటిల్‌లోని విలియం క్యాటరాల్ బృందం ఎలుకల్లో జవాబు చూపించింది. మెదడులో ఉరికించే కణాలున్నాయి, పగ్గం వేసే కణాలున్నాయి. ఈ రకం ఛానెల్ మీద ఎక్కువగా ఆధారపడేవి పగ్గం వేసేవే. అవి సెకనుకు వందలసార్లు కొట్టుకోవాలి, అందుకు ఛానెళ్లు నిండుగా కావాలి. సగమయ్యేసరికి ముందు అలిసిపోయేవి అవే. పగ్గం వదులైతే మిగతావి గుంపుగా ఉరుకుతాయి.

ఇప్పుడు మాత్రల సంగతి చూడండి. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ పనిచేసేది సోడియం ఛానెల్ మీదే. మూత పడిన ఛానెల్‌కు అతుక్కుని త్వరగా తెరుచుకోనివ్వవు. మామూలు మనిషిలో ఇది పిచ్చిగా కొట్టుకునే కణాన్ని ఆపుతుంది, మంచిదే. డ్రావే పాపలో మాత్రం ఇప్పటికే సగమైన పగ్గం కణాల ఛానెళ్లను ఇంకాస్త మూసేస్తుంది. ఫిట్స్ పెరుగుతాయి. అందుకే ఆ పాపకు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ మొదట. చాలకపోతే స్టిరిపెంటాల్, టోపిరమేట్, ఫెన్‌ఫ్లురమిన్, కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ) లాంటివి. రెండేళ్ల లోపు పిల్లలకు వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టే ముందు లివర్ సంగతి డాక్టరుతో తప్పక మాట్లాడాలి. ఇంకో ముఖ్యమైన మాట: రాత్రి ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లినా ఫిట్స్ ఆగకపోతే అలవాటుగా ఎక్కించే ఇంజెక్షన్లలో ఫెనిటోయిన్ ఒకటి. పాప ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘ఎస్సీఎన్1ఏ, సోడియం ఛానెల్ మందులు వద్దు’ అని డాక్టరు చేతే రాయించి, సంతకం, స్టాంపు వేయించి, ఫోన్‌లో ఫొటో పెట్టుకోమనండి.

అలాగని సోడియం ఛానెల్ అనగానే ఆ మందులన్నీ విషమనుకోవద్దు. ఎస్సీఎన్2ఏ అనే పక్క జీన్‌లో, పుట్టిన మూడు నెలల్లోపే ఫిట్స్ మొదలైతే ఛానెల్ అతిగా పనిచేస్తోందని అర్థం, అక్కడ ఇవే మందులు బాగా పనిచేస్తాయి. అదే జీన్‌లో ఆలస్యంగా మొదలైతే తరచూ లెక్క తిరగబడుతుంది, ఇవే మందులు పనిచేయకపోవచ్చు, చెడు కూడా చేయవచ్చు. కేసీఎన్‌క్యూ2 అనే పొటాషియం ఛానెల్ లోపంతో పుట్టిన వారంలోపే ఫిట్స్ వచ్చే పసికందులకు కార్బమజెపిన్ మంచి మందు. జీన్ పేరు ఒక్కటే చాలదు, ఎప్పుడు మొదలైంది, ఛానెల్ పెరిగిందా తగ్గిందా అన్నది కూడా తెలియాలి.

వేడికీ ఛానెల్‌కూ లంకె ఏమిటంటే, ఛానెల్ తలుపులు తెరుచుకునే వేగం వేడితో మారుతుంది. పది డిగ్రీలు పెరిగితే సుమారు మూడింతలవుతుంది. ఆ లెక్కన మెదడు 37 నుంచి 39కి పోతే తలుపులు పాతిక శాతం దాకా వేగం పుంజుకుంటాయి. ఆరోగ్యమైన మెదడు ఈ తేడాను సర్దుకుంటుంది. ఎక్కడో ఒకచోట తూకం తప్పి ఉన్నవాళ్లలో సర్దుకోలేదు. జ్వరం లోపలి వేడి, చెంబునీళ్లు బయటి వేడి. డ్రావే పిల్లల్లో కూడా వేడినీళ్ల స్నానంతో ఫిట్స్ వచ్చేవాళ్లున్నారు. టీకా వేయించాకే పాపకు ఫిట్స్ మొదలయ్యాయని ఇంట్లో నిష్ఠూరాలు జరుగుతుంటే ఇదీ చెప్పండి: టీకా వల్లే మెదడు దెబ్బతిందనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఎస్సీఎన్1ఏ మార్పే కనిపించిందని 2006లో ప్రచురించారు. టీకా తర్వాతి జ్వరం ఫిట్స్‌ను బయటపెట్టింది, జబ్బు పుట్టుకతోనే ఉంది. టీకాలు మానొద్దు, జ్వరానికి ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోండి.

మీవాడిది డ్రావే కాదనడానికి బలమైన కారణాలున్నాయి. జ్వరం ఫిట్స్ ఒక్కసారే, అదీ రెండేళ్లప్పుడు, ఎదుగుదల మామూలు, తొమ్మిదేళ్లకు మొదలై, స్నానంలో తప్ప రావడం లేదు. పైగా డ్రావే పిల్లల్లో ఎక్కువమందికి ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి రాదు, ఆ బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ఆడపడుచుకూ ఆమె భర్తకూ ఆ మార్పు లేదని రక్తపరీక్షలో తేలితే, మీ అబ్బాయికి అది వచ్చిందనుకోవడానికి దారి చాలావరకు మూసుకుపోయినట్టే. వాళ్లకు ఆ పరీక్ష చేశారా కనుక్కోండి, అది మీ రెండిళ్లకూ పనికొస్తుంది. మీవాడికి ఇప్పుడు జీన్ టెస్టు అక్కర్లేదనే నేనంటాను. వేడినీళ్ల మూర్ఛ కుటుంబాల్లో బెంగళూరులోని జేఎన్‌సీఏఎస్ఆర్ అనే పరిశోధన కేంద్రం, నిమ్హాన్స్ పరిశోధకులు ఎస్ఎల్‌సీ1ఏ1 అనే జీన్‌లో అరుదైన మార్పులు చూశారు. అది ఛానెల్ కూడా కాదు, నరాల మధ్య గ్లుటమేట్ అనే ఉరికించే రసాయనాన్ని ఊడ్చి తీసే ప్రొటీను. అది తెలిసినా ఈ రోజు మీ మాత్ర మారదు. పైగా పెద్ద టెస్టు చేయిస్తే ‘అర్థం తేలని మార్పు’ అని ఒకటో రెండో వస్తాయి, ఆ మాట పట్టుకుని ఏళ్ల తరబడి భయపడేవాళ్లున్నారు. విడిగా ఫిట్స్ మొదలైనా, చదువు వెనకబడినా అప్పుడు ఆలోచించండి.

ఈఈజీ నార్మల్ అన్నారు. ఫిట్స్ లేని వేళ తీస్తే ఈ జబ్బులో ఎక్కువమందికి నార్మలే వస్తుంది, కాబట్టి దాన్నిబట్టి జబ్బు లేదనుకోవద్దు. మెదడు ఎంఆర్‌ఐ ఒక్కసారి తీయించడం మంచిది. ఈసీజీ మాత్రం తప్పనిసరి. దీన్ని చాలాచోట్ల వదిలేస్తారు. గుండెలో కూడా ఇవే జాతి ఛానెళ్లున్నాయి. వాటిలో పొటాషియం ఛానెల్ చెడితే ఈసీజీలో కనిపించే క్యూటీ అనే వ్యవధి సాగి, పరుగులోనో ఈతలోనో స్పృహ తప్పుతుంది, చూసేవాళ్లకు ఫిట్స్‌లాగే ఉంటుంది. మీ ఇళ్లలో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు, నీళ్లలో మునిగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. వేడినీళ్లకు బీపీ పడిపోయి కళ్లు తిరగడం వేరు: ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, పడుకోబెట్టగానే క్షణాల్లో తేరుకుంటారు. మీరు చెప్పిన పెదవులు చప్పరించడం, తడుముకోవడం, తర్వాత నిద్ర, ఇవి ఫిట్స్ వైపే చూపిస్తున్నాయి.

ఇప్పుడు అసలు వైద్యం. మొదటి మందు నీళ్ల వేడే. వంటింటి డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, 42 దగ్గర ఆగిపోతుంది. బకెట్‌లో నీళ్లు 36, 37 డిగ్రీలు దాటకూడదు. చేత్తో చూసి చెప్పడం కుదరదు, పొయ్యి దగ్గర పనిచేసే చేతికి 42 కూడా గోరువెచ్చగానే ఉంటుంది. గీజర్ నీళ్లు 60 ఉండి, కుళాయి నీళ్లు 28 ఉంటే ఒక చెంబు వేడివాటికి మూడు చెంబులు చన్నీళ్లు. చలికాలం కుళాయి నీళ్లు 22కి దిగితే ఒకటికి ఒకటిముప్పావు. అండాలో కాగి 90 దాకా పోయిన నీళ్లయితే, కుళాయి నీళ్లు 28 ఉన్నప్పుడు, ఒకటికి ఆరు. ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడివి కలిపి, అడుగుదాకా కలియబెట్టి అప్పుడు కొలవండి. పైపైన కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మిద్దెమీది నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లు గీజర్ లేకుండానే ప్రమాదం. మే నెలలో ఆ నీళ్లు పొద్దున్నే పట్టి పెట్టుకోవాలి.

పోసే తీరు కూడా మార్చండి. ఒంటికి ముందు, తలకు ఆఖరున. తల మీద ధారగా కుమ్మరించవద్దు. తడిబట్టతో తుడిచి, చెంబులో సగం సగంగా, మధ్యలో నెమ్మదించి పోయండి. ఎండలో ఆడి వచ్చిన వెంటనే, జ్వరంలో, నిద్ర చాలని పొద్దున తలస్నానం వద్దు. వాడిని పీట మీద కూర్చోబెట్టండి. మన బాత్‌రూముల్లో కడప బండ తడిస్తే జారుతుంది, తల తగిలితే పగులుతుంది, రబ్బరు మ్యాట్ వేయండి. లోపలి గడియ తీసేయించండి. వేడినీళ్ల బకెట్ వాడి చేతికందే దూరంలో ఉండకూడదు, ఫిట్స్‌లో దాని మీద పడి కాలినవాళ్లున్నారు.

ఇంత చేసినా వస్తే, లేదా ఇంట్లో వేడి తగ్గించడం కుదరకపోతే, తలకు పోసే రోజున మాత్రమే క్లోబజామ్ మాత్ర ఇచ్చే పద్ధతి ఉంది. స్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు; ఈ వయసుకు సాధారణంగా 5 మిల్లీగ్రాములు, కొందరికి 10. ఎంతన్నది డాక్టరే రాయాలి. ఇది సోడియం ఛానెల్ జోలికి పోదు. గాబా అనే రసాయనం తెరిచే క్లోరైడ్ ఛానెల్ ఇంకా తరచుగా తెరుచుకునేలా చేస్తుంది, అంటే పగ్గాన్ని బిగిస్తుంది. ఇది పనిచేయలేదని వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే, మాత్ర వేసి పది నిమిషాల్లో నీళ్లు పోయడం. అది రక్తంలో కలిసి మెదడుకు చేరాలి. రెండో పొరపాటు, పనిచేసింది కదా అని రోజూ వేయడం. రోజూ వేస్తే మెదడు అలవాటు పడి బలం తగ్గుతుంది, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. ఆ రోజు కాస్త మగతగా ఉంటాడు, సైకిల్ ఇవ్వకండి.

కొందరికి కొన్నేళ్లకు స్నానంతో పని లేకుండా విడిగా ఫిట్స్ మొదలవుతాయి. అప్పుడు రోజూ వేసే మాత్ర కావాలి, కార్బమజెపిన్ రాయవచ్చు. పాపకు చెడు చేసే మాత్రే మీవాడికి మంచి చేయవచ్చు అన్నది ఇక్కడే. అది మొదలుపెట్టిన రెండు నెలల్లోపు ఒంటిమీద దద్దు, నోట్లో పుండ్లు, కళ్లెర్రబడటం వస్తే మరుసటి రోజుదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఫిట్స్ వచ్చిన నిమిషంలో: నీళ్లు పోయడం ఆపి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలగుత్తి, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు. చన్నీళ్లు ముఖాన కొట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వేరే ఒకరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి, ముఖం, రెండు చేతులు కనబడేలా. డాక్టరుకు ఆ నలభై సెకన్ల వీడియో పది కాగితాలకన్నా ఎక్కువ. ఐదు నిమిషాలు దాటితే ఫిట్స్ ఆపే మిడజోలమ్ ముక్కు స్ప్రే. కిలోకు 0.2 మిల్లీగ్రాములు, అంటే 24 కిలోలకు దాదాపు 5. ఒక్కో నొక్కుకు 0.5 మిల్లీగ్రాములు వచ్చే సీసాలున్నాయి, 1.25 వచ్చేవీ ఉన్నాయి. మొదటిదైతే ఒక్కో ముక్కులో ఐదేసి నొక్కులు, రెండోదైతే రెండేసి. మందుల షాపులో సీసా మారితే లెక్క రెండున్నర రెట్లు మారిపోతుంది. కొన్నరోజే లేబుల్ చదివి, డాక్టరు రాసిన నొక్కుల సంఖ్య సీసామీద పెన్నుతో రాసి పెట్టండి. మొదటిసారి వాడేముందు గాలిలో రెండుసార్లు నొక్కి మందు రావడం చూసుకోవాలి. స్ప్రే వేసినా ఆగకపోతే, ఊపిరి తేడాగా ఉంటే 108కి ఫోన్.

వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వీడియో, ఫిట్స్ వచ్చిన నాలుగు రోజులు, ఆ రోజు నీళ్లు ఎంత వేడి, ఎన్నో చెంబుకు వచ్చింది, ముందురోజు నిద్ర, జ్వరం ఉందా లేదా ఒక కాగితం మీద రాసుకెళ్లండి. పాప రిపోర్టు జిరాక్స్ కూడా పెట్టుకోండి. కర్నూలు, కడప, అనంతపురం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మొదటి పరీక్షలు మొదలుపెట్టవచ్చు, తేలకపోతే నిమ్హాన్స్ మీకు దగ్గరే.

ఉగాదికి, దీపావళికి తెల్లవారుజామున అందరికీ వరసగా తలంటు పోస్తారు, ఆ హడావుడిలో థర్మామీటరు ఎవరికీ గుర్తుండదు. వాడి వంతు చివర పెట్టండి. డాక్టరు మాత్ర రాసి ఉంటే ఆరింటికి తలంటు అనుకుంటే నాలుగింటికే లేపి మాత్ర వేసి మళ్లీ పడుకోబెట్టండి, నూనె, కుంకుడుకాయ రసం గదిలో ఉన్న వేడితోనే వాడండి, నీళ్లు 36 చూసుకుని పోయండి.